వుల్వరిన్ మనిషి కాదట!

పిడికిలి బిగిస్తే చాలు, వేళ్ల సందుల్లోంచి మూడేసి ఉక్కు గోళ్లు బయటికొస్తాయి. ఒంటికి ఎంత గాయమైనా చూస్తుండగానే మానిపోతుంది. కోపమొస్తే ఎదురుగా ఉన్నది ఎవరన్నది చూడడు. 'ఎక్స్-మెన్' సినిమాలు చూసిన పిల్లల్ని కదిపితే వుల్వరిన్ గురించి ఇలాంటివి ఇంకో గంటసేపు చెబుతారు. మరి అతను మనిషా, కాదా? ఇంట్లో పిల్లలు అడిగితే పెద్దవాళ్లు నవ్వి ఊరుకునే ప్రశ్న ఇది. అమెరికాలో ఓ న్యాయమూర్తికి మాత్రం ఊరుకోవడానికి వీల్లేకపోయింది. అరవైకి పైగా ప్లాస్టిక్ బొమ్మల్ని ముందు పెట్టుకుని, వాటి గోళ్లూ రెక్కలూ పరిశీలించి, 2003 జనవరిలో తీర్పు చెప్పారు... మనిషి కాదని!

ఆ తీర్పు వెనక ఉన్నది వేదాంత చర్చేమీ కాదు. దిగుమతి సుంకం. మనిషి అయితే నూటికి పన్నెండు డాలర్లు. కాకపోతే ఆరు డాలర్ల ఎనభై సెంట్లు. అంతే తేడా. ఆ అయిదు డాలర్ల ఇరవై సెంట్ల కోసం ఓ కంపెనీ ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కింది.

ఇంతకీ జరిగిందేమిటంటే...

'టాయ్ బిజ్' అనే కంపెనీ 1994లో చైనా నుంచి బొమ్మలు తెప్పించింది. ఎక్స్-మెన్ పాత్రలు, వాటితోపాటు స్పైడర్‌మ్యాన్, ఫెంటాస్టిక్ ఫోర్ కథల్లోని పాత్రలూ ఆ సరుకులో ఉన్నాయి. అప్పటి అమెరికా టారిఫ్ పుస్తకంలో 'డాల్స్' ఒకచోట, 'టాయ్స్' మరోచోట ఉండేవి. కేవలం మనుషుల్ని మాత్రమే చూపించేవి డాల్స్. జంతువులు, మనుషులు కాని ఇతర ప్రాణుల రూపాలు టాయ్స్. కస్టమ్స్ వాళ్లు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు. రెండు కాళ్లు, రెండు చేతులు, ఓ మొహం. మనిషే కదా! డాల్ అని రాసి 12 శాతం కట్టమన్నారు. కంపెనీ ఒప్పుకోలేదు. కేసు న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానానికి చేరింది.

ఇదే గొడవ తెలుగులో వస్తే మొదటి వాయిదాకే తేలిపోయేదేమో! మనకు అన్నీ బొమ్మలే. పాపాయి చంకలో ఉన్నదీ బొమ్మే, చక్రాల మీద నడిచేదీ బొమ్మే. గోడకి తగిలించింది బొమ్మ, కూడలిలో నిలబెట్టింది బొమ్మ. థియేటర్లో బొమ్మ పడిందంటే సినిమా మొదలైందని అర్థం. ఇంగ్లిష్‌లో అలా కాదు. డాల్‌కీ టాయ్‌కీ మధ్య గీత ఉంది. సరిగ్గా ఆ గీత మీదే సుంకం కూర్చుంది.

కంపెనీ తరఫు న్యాయవాదులు పట్టుకున్నది ఒకే ఒక్క మాట... 'మాత్రమే'. టారిఫ్ పుస్తకం 'మనుషుల్ని చూపించేవి' అని ఊరుకోలేదు, 'మనుషుల్ని మాత్రమే' అంది. అంటే మనిషి లక్షణాలకు తోడు మరేదైనా కలిసిందా, అది ఆ గడిలోంచి బయటపడుతుందన్నమాట. న్యాయమూర్తి జుడిత్ బార్జిలే ఆ వాదనకు విలువిచ్చారు. కొన్ని బొమ్మలకు గోళ్లున్నాయి, కొన్నిటికి రెక్కలు, కొన్నిటికి యంత్రాల కాళ్లూ చేతులూ. వాళ్ల శక్తులు ప్రకృతిలో లేనివి. మనిషి పోలిక ఉన్నంత మాత్రాన మనిషి అనలేమని తేల్చి, తక్కువ సుంకం చాలన్నారు.

ఇక్కడిదాకా ఇది లెక్కల వ్యవహారమే. మనసుకు తగిలేది ఇకమీదట ఉంది.

ఎక్స్-మెన్ పుట్టింది 1963లో. సృష్టికర్తలు స్టాన్ లీ, జాక్ కర్బీ. ఈ కథల్లో నాయకులందరూ 'మ్యూటెంట్లు'. అంటే పుట్టుకతోనే ఏదో ఓ వింత శక్తి వచ్చినవాళ్లు. లోకం వాళ్లను చూసి భయపడుతుంది, వెలివేస్తుంది, పేర్లు రాసి పట్టిక తయారు చేయమంటుంది. వాళ్లేమో తమని వెలివేసిన లోకాన్నే కాపాడుతూ, 'మేమూ మీలాంటి మనుషులమే' అని మొత్తుకుంటూ ఉంటారు. పోరాటాలూ పేలుళ్లూ తీసేస్తే మిగిలే కథ అదే. తరగతిలో ఎవరూ పక్కన కూర్చోనివ్వని పిల్లలు, రంగు వల్లనో రూపం వల్లనో ఎగతాళికి గురైన పిల్లలు ఈ పుస్తకాలను గుండెలకు హత్తుకున్నారంటే కారణం అదే.

ఈ కథల మీద హక్కులన్నీ మార్వెల్ సంస్థవి. ఆ మార్వెల్, టాయ్ బిజ్ 1998లో ఒక్కటయ్యాయి. అంటే తీర్పు వచ్చే నాటికి, 'వీళ్లు మనుషులు కారండీ' అని కోర్టులో నెగ్గినవాళ్లూ, 'వీళ్లూ మనుషులే' అని నలభై ఏళ్లుగా కథలు అమ్ముతున్నవాళ్లూ ఒకే ఇంటివాళ్లు! కథల్లో ఎంతమంది విలన్లు ఎత్తులు వేసినా సాధించలేకపోయినదాన్ని సొంత ఇంటి లెక్కల విభాగం సాధించింది.

అభిమానులు ఊరుకుంటారా? పత్రికల్లోకెక్కింది. అప్పట్లో ఎక్స్-మెన్ కథలు రాస్తున్న రచయిత చక్ ఆస్టిన్ కూడా తన బాధను దాచుకోలేదు. వాళ్ల మానవత్వాన్ని చూపించడానికే కదా ఇంతకాలం ప్రయత్నించిందీ అన్నది ఆయన ఆవేదన. చివరికి మార్వెల్ ఓ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అభిమానులు దిగులు పడొద్దనీ, తమ వీరులు బతికున్న మనుషులేననీ, కాకపోతే అసాధారణ శక్తులున్న మనుషులనీ దాని సారాంశం. కోర్టులో ఓ మాట, దుకాణంలో ఇంకో మాట. ఏ ఎండకా గొడుగు!

న్యాయమూర్తిని తప్పు పట్టడానికి లేదు. ఆవిడ ముందుకొచ్చింది వుల్వరిన్ కాదు, వుల్వరిన్ రూపంలో పోసిన ప్లాస్టిక్. చేతిలో ఉన్నది కథ కాదు, టారిఫ్ పుస్తకం. అందులో రాసున్న మాటకు అర్థం చెప్పడమే ఆవిడ పని. సంజాయిషీ చెప్పుకోవాల్సింది, కథను ఓ రేటుకీ సరుకును మరో రేటుకీ అమ్ముకున్నవాళ్లే.

సైనికుడు కూడా 'డాలే'!

ఎక్స్-మెన్ కంటే ముందే ఈ బాధ పడ్డవాడు ఇంకొకడున్నాడు. పేరు జి.ఐ.జో. హాస్‌బ్రో కంపెనీ 1964లో తెచ్చిన సైనికుడి బొమ్మ. చేతులూ కాళ్లూ వంగుతాయి, దుస్తులు మార్చొచ్చు, తుపాకీ పట్టించొచ్చు. నిజానికి ఆడపిల్లలు ఆడుకునే బార్బీ లాంటిదే. కానీ డాల్ అంటే మగపిల్లలు కొనరు కదా! అందుకని కంపెనీ కొత్త పేరు కనిపెట్టింది... 'యాక్షన్ ఫిగర్'. ఈ రోజు ప్రపంచంలోని బొమ్మల దుకాణాలన్నీ వాడుతున్న మాట అప్పుడు పుట్టిందే.

దుకాణంలో ఆ పేరు బ్రహ్మాండంగా పనిచేసింది. కోర్టులో చెల్లలేదు. జి.ఐ.జో డాల్ కాదు, వేరే రకం బొమ్మ అని హాస్‌బ్రో వాదించింది. 1988లో వాణిజ్య న్యాయస్థానం, 1989లో పై కోర్టు రెండూ అది డాలేనని చెప్పాయి. పేరు మార్చినంత మాత్రాన రూపం మారదుగా. పాపం, సైనికుడికి గోళ్లూ లేవు, రెక్కలూ లేవు. ఒట్టి మనిషి. అందుకే ఓడిపోయాడు!

ఈ గొడవంతా చూసి కాదుగానీ, తర్వాత రెండు మార్పులు వచ్చాయి. అమెరికాలో డాల్స్ మీదా టాయ్స్ మీదా ఆ పాత సుంకాలు పోయాయి. 2007లో ప్రపంచ టారిఫ్ పట్టికను సవరించినప్పుడు అప్పటిదాకా విడివిడిగా ఉన్న మూడు శీర్షికలను, అంటే పిల్లలు ఎక్కి తిరిగే చక్రాల బొమ్మలు, డాల్స్, మిగతా బొమ్మలను కలిపేసి ఒకే అంకె కింద పెట్టారు. 9503. డాల్ వేరు, టాయ్ వేరన్న తగాదా ఆ పట్టికలో సమసిపోయింది. మన బొమ్మ అన్న మాటకు వాళ్లూ వచ్చి చేరారు.

ప్రపంచానికంతా ఒకే పుస్తకం

ఈ అంకెల సంగతి కాస్త చెప్పుకోవాలి. బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఉంది. అది తయారుచేసిన వస్తువుల పట్టిక 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. రెండొందలకు పైగా దేశాలూ ప్రాంతాలూ దాన్నే వాడుతున్నాయి. బతికున్న గుర్రం దగ్గర మొదలై పురాతన వస్తువుల దాకా, ఓడెక్కే ప్రతి సరుకుకీ అందులో ఆరంకెల సంఖ్య ఉంటుంది. మన దేశంలో దానికి ఇంకో రెండంకెలు కలిపి ఎనిమిది చేశారు. కిరాణా కొట్టు బిల్లు మీదా మందుల షాపు బిల్లు మీదా 'హెచ్ఎస్ఎన్' అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుందే... అది ఇదే. జీఎస్టీ కూడా ఈ పట్టిక మీదే నిలబడింది.

బొమ్మలు, ఆటవస్తువులు, క్రీడా సామగ్రి అంతా ఇందులో 95వ అధ్యాయం. దాని తిరకాసులు చదువుతుంటే కొన్నిచోట్ల నవ్వొస్తుంది, కొన్నిచోట్ల నిజమే కదా అనిపిస్తుంది. కుక్కపిల్ల కొరికి ఆడుకునే రబ్బరు ఎముక బొమ్మల కిందికి రాదు. జంతువుల కోసమే చేసినవాటిని బొమ్మల్లో కలపొద్దని 95వ అధ్యాయంలో ప్రత్యేకంగా రాశారు. పిల్లలు రంగులు దిద్దే పుస్తకం బొమ్మ కాదు, అచ్చు పుస్తకాల అధ్యాయంలోకి పోతుంది. పక్కనే ఉన్న రంగు క్రేయాన్లది ఇంకో అంకె. వీడియో గేమ్ ఆడే పెట్టె కూడా బొమ్మ కాదు, పేకముక్కలతో కలిసి పక్క శీర్షికలో కూర్చుంటుంది. 2022లో డ్రోన్లకు కొత్త శీర్షిక ఇచ్చారు. అయితే కేవలం సరదా కోసం ఎగరేసేవి మాత్రం ఇప్పటికీ బొమ్మల్లోనే ఉన్నాయి. మరి పెళ్లిళ్లలో ఫొటోలు తీసేది? అది సరదా కాదు. సంపాదన!

ఒకే డబ్బాలో రంగుల పుస్తకం, క్రేయాన్లు, ఓ బొమ్మ కలిపి అమ్మితే ఏ అంకె రాయాలి? దానికీ సూత్రముంది. ఆ డబ్బాకి అసలు గుణం దేనివల్ల వచ్చిందో చూడాలి. పిల్లవాడు దేనికోసం ఏడ్చి కొనిపించుకున్నాడన్నమాట. అదీ తేలకపోతే, పోటీ పడుతున్న అంకెల్లో పట్టికలో చివర వచ్చేదాన్ని తీసుకోవాలి. చివరాఖరుకి చీటీ వేసి తీసినట్టే!

మూడో చక్రం ఖరీదు

ఇదంతా అమెరికా వాళ్ల ముచ్చట, మనకెందుకు అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ బేగంబజార్లో పిల్లల సామాన్లు టోకున అమ్మే వ్యాపారి విదేశాల నుంచి రెండు రకాల బళ్లు తెప్పించాడనుకుందాం. ఒకటి ఏడేళ్ల పిల్లవాడు తొక్కే రెండు చక్రాల సైకిలు. రెండోది మూడేళ్ల పాప తొక్కే మూడు చక్రాల బండి. రెండిటికీ పెడళ్లున్నాయి, హ్యాండిలుంది, పాం పాం అనే హారనుంది. మామూలు కళ్లకి అన్నదమ్ముల్లా ఉంటాయి.

టారిఫ్ పుస్తకం అలా చూడదు. రెండు చక్రాల సైకిలు ఎంత చిన్నదైనా సరే, అది వాహనాల అధ్యాయంలోకే వెళ్తుంది. పిల్లలవైనా అంతేనని నొక్కి మరీ రాశారు. మూడు చక్రాలది మాత్రం బొమ్మ. 2023 బడ్జెట్‌లో సైకిళ్ల మీద దిగుమతి సుంకాన్ని 30 నుంచి 35 శాతానికి పెంచారు. అదే బడ్జెట్‌లో బొమ్మల మీద 60 నుంచి 70 శాతానికి పెంచారు. అంటే ఆ ఏడాది వెయ్యి రూపాయల సైకిలు ఓడ దిగితే సుంకం 350 రూపాయలు. వెయ్యి రూపాయల మూడు చక్రాల బండి దిగితే 700. ఓ చక్రం ఎక్కువైనందుకు సుంకం రెండింతలు! పాప అడిగింది మూడు చక్రాలదే. వాళ్ల నాన్నకి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. ధర చీటీ చూసి, ఇంకో కొట్టు చూద్దాం పదమని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోతాడు.

బొమ్మల మీద ఇంత సుంకం ఊరికే రాలేదు. 2020 ఫిబ్రవరి దాకా అది 20 శాతమే. ఆ ఏటి బడ్జెట్‌లో ఒక్కసారిగా 60 శాతమైంది. అప్పటికి మన బజార్లలో బొమ్మలంటే చైనావే. చవక. రంగులు అదిరిపోతాయి. నాణ్యత సంగతి దేవుడెరుగు. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దిగుమతి బొమ్మల్ని తీసుకుని పరీక్షిస్తే దాదాపు మూడింట రెండు వంతులు భద్రతా పరీక్షల్లో తప్పాయి. నోట్లో పెట్టుకుని చప్పరించే వయసు పిల్లలు ఆడేవి అవి! తర్వాత 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలన్నిటికీ ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. సుంకం కట్టి తెచ్చినా సరే, ముద్ర లేకపోతే అమ్మడానికి వీల్లేదు.

ఈ ముద్ర వార్త వచ్చినప్పుడు కంగారు పడాల్సినవాళ్లు ఇంకొకరున్నారు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కను చెక్కి, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, రంగులద్దే కుటుంబాలు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్క పూసేవాళ్లు. నిర్మల్ కళాకారులు. పెద్ద ఫ్యాక్టరీ పెట్టుకున్నట్టు ఇంట్లో పరీక్షల ల్యాబ్ పెట్టుకోమంటే ఏ నకాషీ పనివాడి తరమవుతుంది? అదృష్టవశాత్తూ ఆ ఉత్తర్వుకి మినహాయింపులు ఇచ్చారు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తులవాళ్లకీ, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మల్ని నమోదిత హక్కుదారులూ అనుమతి ఉన్న వాడకందారులూ చేసి అమ్మినప్పుడూ ఆ ముద్ర అక్కర్లేదు. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక మూడిటికీ ఆ గుర్తింపు ఉంది. అయితే ఇక్కడా ఓ మెలిక ఉంది. గుర్తింపు ఊరికి వచ్చినంత మాత్రాన ఆ ఊళ్లో ఉలి పట్టిన ప్రతి ఒక్కరికీ మినహాయింపు వచ్చినట్టు కాదు. కాగితం మీద పేరుండాలి. తాతల నాటి నుంచి బొమ్మలు చేస్తున్న ఇంటివాళ్లయినా సరే, నమోదు చేయించుకోకపోతే చట్టం దృష్టిలో ముద్ర లేని సరుకు అమ్ముతున్నవాళ్లే. పని చేతిలో ఉంటే చాలనుకునేవాళ్లకి ఈ కాగితం విలువ చెప్పేవాళ్లు పక్కన ఉండాలి.

ఆడుకునేదా... చూసుకునేదా?

ఇక దసరా వస్తోందంటే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురు బొమ్మల కొలువు పెట్టుకుంటానంటుంది. అమ్మ కొండపల్లి అంబారీ ఏనుగు, దశావతారాల సెట్టు కొని, పాత చీరల్లో చుట్టి, అట్టపెట్టెలో సర్ది పార్సిల్ ఆఫీసుకి పంపుతుంది. అక్కడ ఓ కాగితం నింపాలి. లోపల ఏముంది, ఖరీదెంత, సరుకు అంకె ఎంత?

'బొమ్మలు' అని రాస్తే తెలుగులో సరిపోయింది. అంకె దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పాత కథే. ఆడుకునే బొమ్మయితే 9503. చూసి మురిసిపోవడానికి షోకేసులో పెట్టే చెక్క విగ్రహమైతే 4420, అది చెక్క సామాన్ల అధ్యాయం. పక్కన మట్టితో చేసి కాల్చిన చెట్టియారూ చెట్టెమ్మా జంట ఉంటే వాళ్లది ఇంకో అధ్యాయం, 6913. పోనీ, అలంకారం కోసం పెట్టుకునేది కాబట్టి బొమ్మ కాదందామా అంటే అదీ కుదరదు. పిల్లలు ముట్టుకోని అలంకారపు డాల్స్‌ను కూడా బొమ్మల శీర్షికలోనే చూడొచ్చని ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణల్లో ఉంది. అంబారీ మీద కూర్చున్న రాజుగారు డాలా, విగ్రహమా? కింద ఉన్న ఏనుగు మాటేమిటి? నరసింహావతారాన్ని ఏ గడిలో వేయాలి? సింహం తల, మనిషి ఒళ్లు. 'మనుషుల్ని మాత్రమే' అన్న ఆ పాత మాట ఇంకా ఉండుంటే న్యూయార్క్ కోర్టులో వుల్వరిన్ పక్కన ఆయనా నిలబడాల్సి వచ్చేది!

కౌంటర్ దగ్గర గుమస్తా అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. "ఇవి పిల్లలు ఆడుకునేవాండీ, ఊరికే పెట్టుకునేవా?"

కొలువు తీసేదాకా ఒక్కదాని మీదా చెయ్యి వేయనివ్వకుండా పిల్లల్ని పెంచిన ఏ అమ్మకైనా ఆ జవాబు బాగా తెలుసు.